పొడుగు జుట్టు కుర్రాళ్లు.. పల్లెపాట

కంట్రీ సంగీతం ఎవరి సొత్తు? ఎవరు పాడితే చెల్లుతుంది? బియాన్సే 'కౌబాయ్ కార్టర్' ఆల్బమ్ వచ్చిన దగ్గర్నుంచీ అమెరికాలో దీని మీద వాదులాట ఆగలేదు. 1968లో ఓ రాక్ బ్యాండ్‌కు కూడా ఇదే ప్రశ్న ఎదురైంది. ఆ కుర్రాళ్లు చేసిన ఆల్బమ్‌ను అప్పట్లో కంట్రీవాళ్లూ రాక్‌వాళ్లూ కూడా కాదన్నారు. తర్వాత తరాలకు అదే దారి చూపింది.

1968 మార్చి. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం, నాష్‌విల్ నగరం. రైమన్ ఆడిటోరియం కిటకిటలాడుతోంది. మతప్రసంగాల కోసం కట్టించిన మందిరం అది. 1892లో తలుపులు తెరిచింది. లోపల విడివిడి కుర్చీలుండవు. చర్చిలో మాదిరిగా పొడవాటి చెక్క బెంచీలు. వాటి మీద భుజానికి భుజం ఆనించి కూర్చున్నవాళ్లంతా కంట్రీ పాటంటే ప్రాణం పెట్టేవాళ్లు. అక్కడ జరిగేది 'గ్రాండ్ ఓల్ ఆప్రీ'. డబ్ల్యూఎస్‌ఎం రేడియో ఎక్కడెక్కడి పల్లెలకో చేరవేసే పాటల కచేరీ. ఆ వేదిక ఎక్కడమంటే కంట్రీ గాయకుడికి జీవితంలో ఓ మెట్టు ఎక్కినట్టే.

ఆ వేదిక మీదికి కాలిఫోర్నియా నుంచి ఓ రాక్ బ్యాండ్ వచ్చింది. పేరు 'ది బర్డ్స్'. హిప్పీ జుట్టుతో ఒక బృందం ఆప్రీలో పాడటం అదే మొదలు. వాళ్లు ఎత్తుకున్నది 'సింగ్ మి బ్యాక్ హోమ్'. ఎవరో పరాయివాళ్ల పాట కాదు, కంట్రీ అభిమానులు నెత్తిన పెట్టుకున్న మెర్ల్ హ్యాగర్డ్‌ది. అయినా బెంచీల మీంచి ఎకసెక్కాలు మొదలయ్యాయి. బ్యాండ్ పేరు పట్టుకుని 'ట్వీట్.. ట్వీట్' అంటూ కొందరు పిట్టల్లా కూశారు. జుట్టు కత్తిరించుకొమ్మని మరికొందరు అరిచారు.

తర్వాతి పాట కూడా హ్యాగర్డ్‌దేనని ముందే మాటైంది. కార్యక్రమం నడిపిస్తున్న గాయకుడు టామ్‌పాల్ గ్లేజర్ ఆ సంగతే మైకులో చెప్పాడు కూడా. అంతలో బ్యాండ్‌లో కొత్తగా చేరిన 21 ఏళ్ల గ్రామ్ పార్సన్స్ మాట మార్చేశాడు. తన బామ్మ కోసమంటూ సొంత పాట 'హికరీ విండ్' అందుకున్నాడు. నిమిషాల లెక్కన నడిచే రేడియో కార్యక్రమంలో చెప్పింది మానేసి ఇంకోటి పాడటం పెద్ద తప్పు. గ్లేజర్‌కు ఒళ్లు మండిపోయింది. బర్డ్స్‌ను ఆప్రీ మళ్లీ పిలవలేదు.

వినడానికి కూర్చున్నవాళ్లు మెచ్చే పాట, మెచ్చే పద్ధతిలోనే పాడుతుంటే ఎందుకు గేలి చేశారు? ఆ రాత్రి అడ్డొచ్చింది సంగీతం కాదు. మరి ఏది?

ఇప్పుడెందుకీ కథ?

2024 మార్చిలో బియాన్సే 'కౌబాయ్ కార్టర్' విడుదల చేసింది. అంతకు నెల ముందు అందులోని 'టెక్సస్ హోల్డెమ్' పాటను వెయ్యమని అడిగితే ఓక్లహోమాలోని ఓ కంట్రీ రేడియో కేంద్రం కుదరదంది. ఆమె కంట్రీ గాయని కాదన్నది వాళ్ల లెక్క. అభిమానులు గోల చేశాక కానీ వెయ్యలేదు. ఆ పాటే బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఆ ఘనత సాధించిన మొదటి నల్లజాతి మహిళ బియాన్సే. 2025 ఫిబ్రవరిలో ఆమె ఆల్బమ్‌కు ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గానూ, ఆ ఏటి మేటి ఆల్బమ్‌గానూ గ్రామీలు దక్కాయి. వాదన అప్పుడు ఇంకాస్త వేడెక్కింది.

ర్యాప్, పాప్ పాటలతో పేరు తెచ్చుకున్న పోస్ట్ మలోన్ కూడా 2024లోనే పూర్తిస్థాయి కంట్రీ ఆల్బమ్ చేశాడు. అంతకు ముందు 2019లో లిల్ నాస్ ఎక్స్ పాట 'ఓల్డ్ టౌన్ రోడ్'ను కంట్రీ పట్టికలోంచి బిల్‌బోర్డ్ తీసేసింది. అదే పాట అన్ని రకాల పాటలూ పోటీపడే పెద్ద పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది.

'మావాళ్లా, కాదా?' అన్న విచారణ ఇంత కాలమైనా ఆగలేదు. అందుకే బర్డ్స్ 1968లో చేసిన ఆల్బమ్ 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో'ను ఇప్పుడు మళ్లీ వినాలి.

నింగిలో ఉన్న పిట్టలు

బర్డ్స్ పుట్టింది లాస్ ఏంజెలెస్‌లో, 1964లో. మరుసటి ఏడాదే బాబ్ డిలన్ పాట 'మిస్టర్ టాంబొరిన్ మ్యాన్'ను పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటార్‌తో కొత్తగా వినిపించి అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానం కొట్టేశారు. జానపదాన్ని, రాక్‌ను కలిపిన తీరు అందర్నీ కట్టిపడేసింది. నాయకుడు రోజర్ మెగ్విన్ చికాగోలోని ఓల్డ్ టౌన్ జానపద సంగీత పాఠశాలలో బాంజో, గిటార్ నేర్చుకున్నవాడు. బేస్ గిటార్ వాయించే క్రిస్ హిల్‌మన్ అసలు మాండొలిన్ మనిషి. కుర్రతనంలో బ్లూగ్రాస్ బృందాల్లో తిరిగాడు. అంటే కొండపల్లెల సంగీతం వాళ్లకు కొత్తేమీ కాదు.

మనకు దగ్గరి సంగతి కూడా ఒకటుంది. పండిట్ రవిశంకర్ రికార్డులు చేసిన లాస్ ఏంజెలెస్ స్టూడియోలోనే బర్డ్స్ తొలిరోజుల్లో సాధన చేశారు. సితార్ వాళ్ల చెవిన పడింది అక్కడే. 1965లో బీటిల్స్ బృందం అమెరికా వచ్చినప్పుడు రవిశంకర్ సంగీతం గురించి జార్జ్ హారిసన్‌కు చెప్పింది బర్డ్స్‌లోని మెగ్విన్, డేవిడ్ క్రాస్బీలే. హారిసన్ తర్వాత రవిశంకర్‌కు శిష్యుడైన కథ మనందరికీ తెలిసిందే. ఎక్కడ మంచి నాదం వినిపిస్తే అక్కడికి చెవొగ్గడం ఈ బ్యాండ్‌కు మొదట్నుంచీ అలవాటు.

1968 నాటికి బ్యాండ్‌లో పరిస్థితి బాగాలేదు. క్రాస్బీని పంపేశారు. డ్రమ్మర్ మైకేల్ క్లార్క్ వెళ్లిపోయాడు. మిగిలింది మెగ్విన్, హిల్‌మన్. హిల్‌మన్ బంధువు కెవిన్ కెల్లీ డ్రమ్స్ అందుకున్నాడు. మెగ్విన్ మనసులో పెద్ద ఆలోచన ఉంది. పాతకాలపు పల్లెపాటతో మొదలుపెట్టి, జాజ్ మీదుగా ఎలక్ట్రానిక్ సంగీతం దాకా అమెరికా సంగీత చరిత్ర మొత్తాన్నీ రెండు రికార్డుల ఆల్బమ్‌లో పట్టాలనుకున్నాడు. అందుకోసం జాజ్ వాయించగల పియానో కళాకారుడి కోసం చూస్తున్నాడు.

పియానో వాయిస్తాడని పిలిస్తే..

ఆ సమయంలో హిల్‌మన్‌కు బెవర్లీ హిల్స్‌లోని ఓ బ్యాంకులో గ్రామ్ పార్సన్స్ తారసపడ్డాడు. ఫ్లోరిడాలో పుట్టి, జార్జియాలోని వేక్రాస్ అనే చిన్న ఊళ్లో పెరిగిన కుర్రాడు. తల్లి తరఫువాళ్లకు నారింజ తోటలు, బోలెడంత ఆస్తి. ఆ ఇంట సుఖం మాత్రం లేదు. పార్సన్స్‌కు పన్నెండేళ్లప్పుడు తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. హైస్కూల్ చదువు ముగిసిన రోజునే తల్లి పోయింది. హార్వర్డ్‌లో చేరి, ఏడాది తిరక్కుండానే వదిలేశాడు. డబ్బుకు కొదవలేని ఆ పిల్లాడికి గుండెలో దిగులును చెప్పుకోవడానికి దొరికిన భాష కంట్రీ పాట.

పియానో కోసం పిలిస్తే అతను పల్లెపాటల మూట విప్పాడు. హిల్‌మన్‌కు చిన్ననాటి ఇష్టాలన్నీ తిరిగొచ్చాయి. ఇద్దరూ ఒక్కటై మెగ్విన్‌ను ఒప్పించారు. సంగీత చరిత్ర ఆలోచన అటకెక్కింది. మూటాముల్లె సర్దుకుని అందరూ కంట్రీ సంగీతానికి పుట్టిల్లనదగ్గ నాష్‌విల్ బయల్దేరారు.

> హవాయి నుంచి నాష్‌విల్ దాకా
>
> కంట్రీ పాటలో ఏడుపుజీరలా సాగుతూ వినిపించే నాదం 'పెడల్ స్టీల్' గిటార్‌ది. దీన్ని భుజాన వేసుకోరు. కాళ్లున్న బల్లలా ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తారు. కుడిచేతి వేళ్లకు తొడుగులు పెట్టుకుని మీటుతారు. పాదాలతో పెడల్స్ తొక్కుతూ, మోకాళ్లతో మీటలు నెడుతూ తీగల శ్రుతిని పాట మధ్యలోనే మార్చేస్తారు.
>
> దీని తాత హవాయి దీవుల గిటార్. మన పాత సినిమా పాటల్లో, రేడియో వాద్యగోష్ఠుల్లో విన్న హవాయన్ గిటార్ కూడా ఆ కుటుంబానిదే. ఆ దీవుల నుంచి అది తూర్పుకు వెళ్లి అమెరికా పల్లెపాటలోనూ, పడమటికొచ్చి మన పాటలోనూ కలిసిపోయింది.

స్టూడియోలో కలిసిన చేతులు

ఆప్రీలో వెక్కిరింతలు ఎదురైన ఆ నెలలోనే, అదే ఊళ్లో ఉన్న కొలంబియా స్టూడియోలో మరో దృశ్యం నడిచింది. నిర్మాత గ్యారీ అషర్. బర్డ్స్‌తో కలిసి కూర్చున్నది నాష్‌విల్‌లో చెయ్యి తిరిగిన వాద్యకారులు. పెడల్ స్టీల్ మీద లాయిడ్ గ్రీన్. బాంజో, ఫిడేలు జాన్ హార్ట్‌ఫర్డ్‌వి. డబుల్ బేస్ రాయ్ హస్కీది.

నాష్‌విల్ స్టూడియోల పద్ధతే వేరు. మూడు గంటల సెషన్‌లో మూడు నాలుగు పాటలు ముగించడం అక్కడివాళ్లకు మామూలు. రాసిన స్వరలిపి ఎదురుగా ఉండాలన్న పట్టింపు లేదు. కార్డ్‌లను (కలిపి మీటే స్వరాల గుంపులను) అంకెలతో గుర్తుపెట్టుకునే పద్ధతి ఒకటుంది. శ్రుతి ఎంత మార్చినా సరిగమల స్థానాలు మనకు మారనట్టే, గాయకుడు ఏ శ్రుతిలో పాడతానన్నా వాళ్లకు ఆ అంకెలు మారవు. ఒకసారి వింటారు, కాగితం మీద నాలుగు అంకెలు గీసుకుంటారు, వాయించేస్తారు.

రాక్ బ్యాండ్‌లది ఇందుకు పూర్తిగా విరుద్ధం. వెతుక్కుంటూ, తడుముకుంటూ, ఏదో ఒకటి దొరికేదాకా వాయిస్తూ పోతారు. ఈ రెండు పద్ధతులూ ఎదురుపడ్డ చోట తమాషా జరిగింది. స్టీల్ గిటార్ వాద్యకారుడు సాధారణంగా గాయకుడు ఊపిరి తీసుకునే ఖాళీల్లోనే నాలుగు స్వరాలు పలికించి తప్పుకోవాలి. డిలన్ పాట 'యూ ఏంట్ గోయిన్ నోవేర్'కు ఎక్కడెక్కడ వాయించమంటారని లాయిడ్ గ్రీన్ అడిగాడు. పాటంతా వాయించమన్నారు. అలాంటి స్వేచ్ఛ ఆయనకు నాష్‌విల్‌లో అరుదు. ఆ పాట విన్నవాళ్లకు స్టీల్ గిటార్ గొంతుకు తోడుగా మొదట్నుంచి చివరిదాకా నడవడం తెలుస్తుంది. పల్లవికి ముందే అది మనల్ని చెయ్యిపట్టి లోపలికి తీసుకెళ్తుంది.

ఆప్రీ వేదిక మీద కూడా గ్రీన్ వాళ్ల పక్కనే కూర్చుని వాయించాడు. తన ఊరివాళ్లే, తనను ఎరిగినవాళ్లే ఎదురుగా కూర్చుని గేలి చేస్తుంటే ఆయనకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆయన చేతుల్ని మెచ్చుకునే చెవులే ఆ రాత్రి మూసుకున్నాయి.

మిగతా పాటలు ఏప్రిల్, మే నెలల్లో హాలీవుడ్‌లో పూర్తయ్యాయి. అక్కడ జేడీ మేనెస్ స్టీల్ గిటార్, ఎర్ల్ బాల్ పియానో వాయించారు. క్లారెన్స్ వైట్ గిటార్ అందుకున్నాడు. ఈ వైట్‌ది ఇంకో విశేషం. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌లో పెడల్ స్టీల్ జారుళ్లు పలికించాలని అతనికి పట్టుదల. మిత్రుడు జీన్ పార్సన్స్ గిటార్ వెనకాల చిన్న మరలాంటిది అమర్చి పెట్టాడు. భుజానికున్న పట్టీ మీద కాస్త భారం వేసి గిటార్‌ను కిందికి నొక్కితే రెండో తీగ సాగి శ్రుతి పెరుగుతుంది. నాలుగు అవయవాలతో చేసే పనిని ఒక్క భుజంతో సాధించారన్నమాట.

గొంతు మీద గొడవ

రికార్డింగ్ నడుస్తుండగా కొత్త చిక్కొచ్చి పడింది. బర్డ్స్‌లో చేరకముందు పార్సన్స్ 'ఇంటర్నేషనల్ సబ్‌మెరైన్ బ్యాండ్' అనే బృందంతో లీ హేజిల్‌వుడ్ సంస్థకు ఓ ఆల్బమ్ చేశాడు. ఆ ఒప్పందం ఇంకా తీరలేదని, పార్సన్స్ గొంతు మీద హక్కు తమదేనని హేజిల్‌వుడ్ అభ్యంతరం చెప్పాడు. కోర్టు గుమ్మం తొక్కాల్సి వస్తుందన్న భయంతో పార్సన్స్ పాడిన మూడు పాటల్లో అతని గొంతు తీసేసి, మెగ్విన్, హిల్‌మన్‌లతో మళ్లీ పాడించారు. 'హికరీ విండ్' సహా మూడే అతని గొంతులో మిగిలాయి.

ఆల్బమ్‌కు ఊపిరిపోసినవాడి గొంతే అందులో సగం వినిపించకపోవడం పార్సన్స్‌కు మింగుడుపడలేదు. జులైలో లండన్‌లో కచేరీ ముగిశాక బ్యాండ్ దక్షిణాఫ్రికా బయల్దేరాల్సి ఉంది. వర్ణవివక్ష రాజ్యమేలుతున్న దేశంలో పాడనంటూ పార్సన్స్ విమానం ఎక్కలేదు. అప్పటికే రోలింగ్ స్టోన్స్ కళాకారుడు కీత్ రిచర్డ్స్‌తో స్నేహం కుదిరిందని, అసలు కారణం అదేనని అనుమానించినవాళ్లూ ఉన్నారు. కారణం ఏదైనా అతని నిర్ణయం సరైందే. బ్యాండ్ మాత్రం వెళ్లి విమర్శల పాలైంది. ఆల్బమ్ విడుదలయ్యే నాటికి దాన్ని మలచినవాడే బ్యాండ్‌లో లేడు. అందులో అతను ఉన్నది అయిదు నెలలో ఆరు నెలలో.

> ఆల్బమ్ వివరాలు
>
> • పేరు: స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో. బర్డ్స్ ఆరో ఆల్బమ్.
>
> • విడుదల: 1968 ఆగస్టు 30, కొలంబియా రికార్డ్స్.
>
> • పాటలు: 11. వీటిలో రెండు బాబ్ డిలన్‌వి. వుడీ గత్రీ, మెర్ల్ హ్యాగర్డ్, లూవిన్ సోదరుల పాటలూ ఉన్నాయి.
>
> • ముఖచిత్రం: ఉరుగ్వేలో పుట్టిన చిత్రకారుడు జో మోరా 1933లో గీసిన రోడియో పోస్టర్ నుంచి తీసుకున్నారు.
>
> • బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో దక్కిన స్థానం: 77.

రెంటికీ చెడ్డ రేవడి

ఆల్బమ్ బయటికొచ్చింది. రాక్ అభిమానులు ముఖం చిట్లించారు. బర్డ్స్ అంటే వాళ్లకు కొత్త లోకాల్లో విహరించే బృందం. అలాంటి బృందం యుద్ధాన్ని సమర్థించే వాళ్లు, సంప్రదాయవాదులు వినే పాటలు పాడటమేమిటని విస్తుపోయారు. కంట్రీ రేడియోలు తలుపే తియ్యలేదు. నాష్‌విల్‌లో పేరుమోసిన రేడియో వ్యాఖ్యాత రాల్ఫ్ ఎమెరీ కార్యక్రమానికి మెగ్విన్, పార్సన్స్ వెళ్తే సాదరంగా చూడలేదు. ఆ అవమానం మీద ఇద్దరూ కలిసి ఓ పాటే కట్టారు. 'మిస్టర్ టాంబొరిన్ మ్యాన్' ఆల్బమ్ ఆరో స్థానం దాకా వెళ్లిన బ్యాండ్, ఇప్పుడు 77తో సరిపెట్టుకుంది.

ఆ ఏడాది ఎలాంటిదో గుర్తు చేసుకుంటే ఈ చిటపటలకు అర్థం తెలుస్తుంది. వియత్నాంలో యుద్ధం మండుతోంది. పొడుగు జుట్టున్న కుర్రాడు కనిపిస్తే సైన్యంలో చేరకుండా ఎగ్గొట్టినవాడని ఒక వర్గం లెక్కగట్టేది. కంట్రీ పాట వినేవాడు కనిపిస్తే మూఢుడని, జాతివివక్ష చూపేవాడని మరో వర్గం తీర్మానించేది. బర్డ్స్ ఆప్రీలో పాడిన తర్వాత నెల తిరక్కముందే, ఏప్రిల్ 4న, అదే టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. దేశం రెండుగా చీలిన కాలమది. మనిషి జుట్టు, బట్టలు, వినే పాట చూసి ఎటువైపువాడో తేల్చేసేవారు.

అలాంటి వేళ పొడుగు జుట్టువాళ్లు జైలుపక్షుల గోడు చెప్పుకునే హ్యాగర్డ్ పాటను మనసుపెట్టి పాడారు. రెండు గుడారాల మధ్య ఓ మనిషి నడుచుకుంటూ వస్తే ఇద్దరూ అనుమానించడం సహజం. ఆల్బమ్ ఓటమికి కారణం దాని సంగీతంలో వెతకక్కర్లేదు.

గీత గీసిందెవరు?

ఇంతకీ కంట్రీ పాట చుట్టూ కంచె ఎవరు కట్టారు? పాడుకునే జనం కాదు. 1920లలో గ్రామఫోన్ కంపెనీలు దక్షిణాది పల్లెలకు వెళ్లి పాటలు రికార్డు చేశాయి. అమ్మేటప్పుడు తెల్లవాళ్లు పాడినవి 'హిల్‌బిల్లీ' అన్నారు. నల్లవాళ్లు పాడినవి 'రేస్ రికార్డులు' అన్నారు. చాలాసార్లు అవే బాణీలు, అవే వాద్యాలు. సరుకు ఒకటే, సంచులు రెండు. కొట్టువాడి లెక్క కోసం గీసిన గీత కాలం గడిచేకొద్దీ చరిత్రలా చలామణీ అయింది.

బాంజో మూలాలు ఆఫ్రికాలో ఉన్నాయి. బానిసలుగా తెచ్చిన మనుషుల చేతుల్లో అది అమెరికాలో రూపుదిద్దుకుంది. కంట్రీకి తొలి కుటుంబంగా చెప్పుకునే కార్టర్ ఫ్యామిలీ పాటల వేటలో ఎ.పి. కార్టర్‌కు తోడుగా తిరిగి, బాణీలు గుర్తుపెట్టుకుని చెప్పింది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటార్ కళాకారుడు. ఆప్రీ తొలితరం తారల్లో ఒకడైన మౌతార్గాన్ విద్వాంసుడు డిఫోర్డ్ బెయిలీ కూడా నల్లవాడే. 1941లో ఆప్రీ అతన్ని తీసేసింది. తర్వాత బూట్లు పాలిష్ చేసే కొట్టు నడుపుకుని బతికాడు. 1960లలో చార్లీ ప్రైడ్ తొలి రికార్డులను రేడియోలకు పంపినప్పుడు అతని ఫొటో జతచేయలేదు. రంగు చూస్తే వెయ్యరేమోనని భయం. బర్డ్స్ తర్వాతి ఏడాది, 1969లో, లిండా మార్టెల్ అనే నల్లజాతి గాయని ఆప్రీలో పాడింది. ఇతర కచేరీల్లో ఆమెకూ వెక్కిరింతలు తప్పలేదు. బియాన్సే తన ఆల్బమ్‌లో ఆమె గొంతు వినిపించడం ఆ బాకీని గుర్తుచేసుకోవడమే.

ఈ వెలుగులో చూస్తే 'స్వీట్‌హార్ట్' పాటల ఎంపిక మరింత విలువైనదిగా తోస్తుంది. అందులో 'యూ డోంట్ మిస్ యువర్ వాటర్' ఉంది. మెంఫిస్‌కు చెందిన నల్లజాతి గాయకుడు విలియం బెల్ రాసి పాడిన సోల్ పాట. దానికి స్టీల్ గిటార్ జోడించి కంట్రీ పాటల మధ్య కూర్చోబెట్టారు. అతుకు ఎక్కడా కనబడదు. విన్నవాళ్లకు అది నాష్‌విల్ పాటలాగే ఉంటుంది. రే చార్ల్స్ 1962లోనే కంట్రీ పాటలతో ఆల్బమ్ చేసి ఈ చుట్టరికాన్ని అటువైపు నుంచి చూపించాడు. పార్సన్స్ తన సంగీతాన్ని 'కాస్మిక్ అమెరికన్ మ్యూజిక్' అనుకునేవాడు. సోల్, గోస్పెల్, కంట్రీ, రాక్.. అన్నీ ఒక నేల నీరు తాగి పెరిగినవేనని అతని నమ్మకం.

ఒక తేడా మాత్రం మరిచిపోకూడదు. బర్డ్స్‌ను జుట్టు కోసం ఆపారు. జుట్టు కత్తిరించుకుంటే పోతుంది. బెయిలీని, ప్రైడ్‌ను, మార్టెల్‌ను ఆపింది చర్మపు రంగు. బర్డ్స్‌కు జరిగింది అవమానం. వాళ్లకు జరిగింది అన్యాయం.

విత్తు మొలకెత్తింది

అమ్మకాల్లో చతికిలబడ్డ ఆల్బమ్ కళాకారుల చెవుల్లో మాత్రం నాటుకుపోయింది. బర్డ్స్‌ను వదిలేసిన పార్సన్స్, హిల్‌మన్ కలిసి 'ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్' పెట్టారు. ఆ బృందంలో వాయించిన బెర్నీ లెడన్ 1971లో మొదలైన 'ఈగల్స్'లో వ్యవస్థాపక సభ్యుడు. ఈగల్స్ తొలి హిట్ల సంకలనం అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో ఒకటిగా నిలిచింది. బర్డ్స్ కొత్తగా వేసిన బాటలో ఈగల్స్ బండి నిండా సొమ్ముతో వెళ్లింది. రోలింగ్ స్టోన్స్ 'వైల్డ్ హార్సెస్', 'డెడ్ ఫ్లవర్స్' లాంటి పాటల్లోనూ ఆ కంట్రీ పరిమళం తెలుస్తుంది.

నాష్‌విల్ కూడా మెల్లగా మెత్తబడింది. 1969లో జానీ క్యాష్ అదే రైమన్ ఆడిటోరియం నుంచి టీవీ కార్యక్రమం మొదలుపెట్టి తొలి భాగానికే బాబ్ డిలన్‌ను, జోనీ మిచెల్‌ను పిలిచాడు. 1971లో నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ అనే పొడుగు జుట్టు బృందం నాష్‌విల్ వెళ్లి, మేబెల్ కార్టర్, రాయ్ ఎకఫ్, ఎర్ల్ స్క్రగ్స్ లాంటి పెద్దల పక్కన కూర్చుని పాడింది. పెద్దలు పాడారు, కుర్రాళ్లు వెనక వాయించారు. ఆ మూడు రికార్డుల సంపుటి ఇప్పటికీ రెండు తరాల మధ్య వంతెనగా నిలబడి ఉంది.

పార్సన్స్ ఆ ఫలాలు చూడలేదు. ఎమీలూ హారిస్ అనే కొత్త గాయనితో కలిసి రెండు గొప్ప ఆల్బమ్‌లు చేశాడు. రెండోది విడుదలయ్యేలోపే, 1973 సెప్టెంబరు 19న, కాలిఫోర్నియా ఎడారిలోని జోషువా ట్రీలో మత్తుపదార్థాలు అతన్ని మింగేశాయి. అప్పటికి 26 ఏళ్లు. అతని పాటల్ని హారిస్ భుజాన వేసుకుని దేశమంతా తిప్పింది. తర్వాత తానే కంట్రీ సంగీతంలో మహాగాయని అయింది. రోలింగ్ స్టోన్ పత్రిక 2003లో వేసిన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో 'స్వీట్‌హార్ట్' 117వది. అదే ఏడాది వచ్చిన ఆల్బమ్ ప్రత్యేక ఎడిషన్‌లో పార్సన్స్ పాడగా తీసేసిన పాటలూ చేరాయి.

> అదే బాటలో మరికొందరు
>
> • బో బ్రమెల్స్, 'బ్రాడ్లీస్ బార్న్' (1968): శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాండ్ నాష్‌విల్ దగ్గరి స్టూడియోకు వెళ్లి చేసింది.
>
> • ఎల్విస్ కాస్టెలో, 'ఆల్మోస్ట్ బ్లూ' (1981): బ్రిటిష్ రాక్ గాయకుడు తన బ్యాండ్‌తో నాష్‌విల్‌లో చేశాడు. ఇందులో కంట్రీ సంగీతం ఉందని, సంకుచిత మనస్కులు తట్టుకోలేకపోవచ్చని కవరు మీద హెచ్చరిక అంటించారు.
>
> • అంకుల్ టుపెలో, 'నో డిప్రెషన్' (1990): పంక్ రాక్, పాత కంట్రీ కలిపింది. తర్వాత 'ఆల్ట్ కంట్రీ' అనే ఉద్యమానికి ఊతమైంది.
>
> • వీన్, '12 గోల్డెన్ కంట్రీ గ్రేట్స్' (1996): నాష్‌విల్ సీనియర్ వాద్యకారులతో చేశారు. పేరులో పన్నెండున్నా ఉన్నవి పది పాటలే.

నేర్చుకున్నవాడిదే పాట

2018లో 'స్వీట్‌హార్ట్'కు యాభై ఏళ్లు నిండాయి. మెగ్విన్, హిల్‌మన్ మళ్లీ కలిసి ఆ పాటలతో ఊరూరా తిరిగారు. వెనక వాయించింది కంట్రీ సంగీతంలో పెద్ద పేరున్న మార్టీ స్టువర్ట్, అతని బృందం. స్టువర్ట్ చేతిలో ఉన్నది క్లారెన్స్ వైట్ వాయించిన అసలు గిటారే. వైట్ 1973లోనే రోడ్డు ప్రమాదంలో చనిపోగా, తర్వాత అది స్టువర్ట్ దగ్గరికి చేరింది. ఆ యాత్రలో రైమన్ ఆడిటోరియం కూడా ఉంది. ఈసారి ఎవరూ పిట్టకూతలు కూయలేదు.

ఎవరైనా కొత్త సంప్రదాయంలోకి అడుగుపెడితే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఫ్యాషన్ కోసం వచ్చారా, నేర్చుకోవడానికి వచ్చారా? బర్డ్స్ కౌబాయ్ టోపీలు పెట్టుకుని ఇంట్లో కూర్చుని ఆ ఆల్బమ్ చేయలేదు. ఆ ఊరు వెళ్లారు. ఆ విద్య తెలిసినవాళ్ల పక్కన కూర్చున్నారు. పేరు పొందిన తమ పన్నెండు తీగల గిటార్‌ను పక్కనపెట్టి స్టీల్ గిటార్‌కు పెద్దపీట వేశారు. పాటలు రాసినవాళ్ల పేర్లు చెప్పి, వాళ్ల బాణీ చెడకుండా పాడారు. లోపాలు లేవని కాదు. మెగ్విన్ కొన్నిచోట్ల దక్షిణాది యాసను మరీ ఒలకబోశాడనే విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అది కూడా నేర్చుకునేవాడు చేసే తప్పే.

బియాన్సే విషయంలోనూ నేను చూసేది ఇదే. ఆమె ఆల్బమ్‌లో బాంజో వాయించింది ఆ వాద్యం ఆఫ్రికా మూలాల మీద జీవితమంతా పనిచేస్తున్న రియానన్ గిడెన్స్. స్టీల్ గిటార్ వాయించింది నల్లవాళ్ల చర్చిల్లో ఆ వాద్యంతో పెరిగిన రాబర్ట్ రాండాల్ఫ్. అంత శ్రద్ధగా కట్టిన పాటల్ని ముందు విని, తర్వాత తీర్పు చెప్పాలి. పాడినవాళ్ల పేరు చూసి రేడియో నొక్కేస్తే 1968 నాటి బెంచీల మీద కూర్చున్నట్టే.

పాటకు కాపలాదారులు అక్కర్లేదు. దానికి కావలసింది సాధన చేసే గొంతులు, చెవులిచ్చే మనుషులు. బర్డ్స్‌ను ఆ రాత్రి గేలిచేసిన ఊళ్లోనే 'హికరీ విండ్'ను తర్వాత ఎందరో కంట్రీ గాయకులు తమ పాటగా పాడుకున్నారు. దాన్ని కంట్రీ పాటగా ఎవరూ ముద్రవేసి అంగీకరించలేదు. పాడిన ప్రతివాళ్లూ నేర్చుకుని పాడారు, అంతే. అలా నేర్చుకున్నవాళ్లందరిదీ ఆ పాట.